వాచీ తీసి బల్ల మీద పెట్టే మనిషి

ఈ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. తిరుపతిలో కంప్యూటర్ సెంటర్లో పనిచేసిన రోజుల్లో నేను నా డైరీని ఆఫీసు యంత్రంలో రాసుకునేదాన్ని. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు తీసుకుని బయటి వరండాలోకి వెళ్లినప్పుడు, నేను గబగబా నాలుగు ముద్దలు తినేసి వచ్చి టెర్మినల్ ముందు కూర్చునేదాన్ని. ఆ యంత్రానికి తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కూడబలుక్కుంటూ కొట్టాలి. ఇవాళ వాన వచ్చింది అని రాయడానికి కూడా కొత్తగా బళ్లో చేరిన పిల్లలా తడుముకోవలసి వచ్చేది. అయినా అక్కడ రాసినంత ధైర్యంగా నేను కాగితం మీద ఎప్పుడూ రాయలేదు.

కాగితం మీద రాసింది మా ఇంట్లో అందరిదీ. మా నాయనకు ఇత్తడి సామాన్ల అంగడి. అంగడి పైన రెండు గదుల్లో మేమంతా. ఉన్నది ఒకటే బీరువా, దాని తాళం చెవి అవ్వ నడుముకు. నేను డిగ్రీ చదివేటప్పుడు మా అన్న నా నోటుపుస్తకాన్ని పరుపు కింద నుంచి తీసి, భోజనాల దగ్గర నా గొంతును అనుకరిస్తూ చదివాడు. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ముచ్చటపడే నవ్వారు. అదే నాకు భరించరానిదైంది. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆ తర్వాత రాయడం మానేశాను.

మళ్లీ రాయగలిగానంటే దానికి కారణం ఒక మనిషి. ఆ మాట నేను ఆయనకు కూడా చెప్పలేదు.

పోయిన వారం చిత్తూరు బస్టాండులో మునిరత్నం గారు కనిపించారు. పాత సెంటర్లో ఆయన మా హెడ్ క్లర్కు. బంగారుపాళ్యం బస్సు కోసం నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. నన్ను చూసి గుప్పెడు నా చేతిలో పోసి, మా నాయన ఆరోగ్యం, నా కొత్త ఉద్యోగం అన్నీ అడిగి, చివర బస్సు వస్తున్నప్పుడు చెప్పారు.

"మన వాచీ సారు పోయినాడమ్మా. నెల కావస్తా ఉండాది. మద్రాసులో కూతురింట్లో."

ఇంకేమైనా అడిగేలోగా ఆయన బస్సెక్కేశారు. నేను ఆ కాయలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

వాచీ సారు అన్నది మేం పెట్టిన పేరు. ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మా యంత్రం గురించి కొంచెం చెప్పాలి. మాది ప్రైవేటు సెంటరు. జిల్లాలో కొన్ని కాలేజీల మార్కులూ, కొన్ని ఆఫీసుల జీతాల లెక్కలూ మా దగ్గర తయారయ్యేవి. గాజు తలుపుల వెనక చల్లటి గదిలో ఒకటే పెద్ద యంత్రం, దానికి తగిలించిన టెర్మినళ్లు, అంటే తెరలూ మీటలూ, బయటి హాల్లో. యూనిక్స్ పద్ధతి. పనిచేసే ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్, లోపల సొంతంగా ఒక చోటు ఇస్తారు. ఆ చోటును సారు 'ఇల్లు' అనేవారు. జీతాల వాళ్లదొక గుంపు, మార్కుల వాళ్లదొక గుంపు. ఒక గుంపు ఫైళ్లు ఇంకో గుంపుకు తెరుచుకోవు. అయితే అందరి ఇళ్లలోకీ, అన్ని గుంపుల్లోకీ అడ్డు లేకుండా పోగలిగిన పేరు ఒకటుంది. దాన్ని రూట్ అంటారు. ఆ రూట్ పాస్‌వర్డ్ సారు దగ్గర ఉండేది.

ఆయన రోజంతా మాలాగే మామూలు పేరుతోనే పనిచేసేవారు. కొత్తవాళ్లను చేర్చడానికో, ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోతే మార్చడానికో రూట్‌గా మారవలసి వచ్చినప్పుడు మాత్రం ముందుగా చేతి వాచీ విప్పి, దాని పట్టీ సరిచేసి, టెర్మినల్ పక్కన పెట్టేవారు. పని అయి బయటికి వచ్చాక మళ్లీ కట్టుకునేవారు. ఆ వాచీ బల్ల మీద ఉన్నంతసేపూ ఎవరు పిలిచినా పలకరు. కాఫీ తాగరు. ఫోను మోగినా ఎత్తరు. ఒకసారి డైరెక్టరు గారే వచ్చి పక్కన నిలబడితే కూడా తల తిప్పలేదు. మొదట్లో మాకు అది నవ్వులాటగా ఉండేది. తర్వాత వాచీ కనిపించగానే మేమే గొంతులు తగ్గించడం మొదలుపెట్టాం.

ఎందుకలా అని మునిరత్నం గారు అడిగితే, మణికట్టు బోసిగా ఉంటే తాను ఎవరి పేరుతో లోపలున్నాడో గుర్తుంటుందని చెప్పారట. రూట్‌గా ఉన్న సంగతి మరిచిపోయి లేచి వెళ్లిపోవడం కంటే పెద్ద తప్పు ఆయన దృష్టిలో ఇంకోటి లేదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నుదుట సన్నటి ఎర్రటి గీత. నడి ఎండాకాలంలో కూడా యంత్రం గది చలికి చేతుల్లేని స్వెట్టరు కాదు, నిండు చేతుల ఊదారంగు స్వెట్టరు. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలని నియమం. ఆ నియమాన్ని ఆఫీసులో అందరికంటే ముందు ఆయనే మరిచిపోయి, నాలుక కరుచుకుని వెనక్కి వెళ్లేవారు. మగవాళ్లందరినీ 'స్వామీ' అనేవారు, తిట్టేటప్పుడు కూడా. మెచ్చుకోవడం అసలు తెలియదు. పని సరిగ్గా చేస్తే 'ఊ' అనేవారు. తప్పు చేస్తే కూడా 'ఊ' అనేవారు. ఏది ఏ ఊ అన్నది మేం కాలక్రమాన నేర్చుకున్నాం.

నేను చేరిన రోజు నాకు పేరు సృష్టించి, టెర్మినల్ ముందు కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ కొట్టమన్నారు. చెప్పి, లేచి, వెనక్కి తిరిగి గోడకేసి నిలబడ్డారు. నేను ఏదో తప్పు చేశాననుకుని కంగారుపడ్డాను. అక్షరాలు కొట్టాను. తెర మీద ఒక్కటీ పడలేదు. మీటలు పనిచేయడం లేదనుకుని మళ్లీ మళ్లీ కొట్టాను. చివరికి, ఏమీ పడలేదు సార్ అన్నాను, నాకే వినిపించనంత చిన్నగా.

"పడతా ఉండాదమ్మా. మిషను కూడా చూడకుండా ఉండాది, అంతే," అన్నారు గోడతోనే.

అప్పటి నుంచి చూస్తూ ఉన్నాను. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా ఆయన ముఖం పక్కకు తిరిగేది. ఎంత తొందరలో ఉన్నా, ఎంత చిన్నవాళ్లయినా సరే. డైరెక్టరు గారి దగ్గరా అంతే, ఊడ్చే మనిషి యంత్రంలో తన హాజరు వేసుకునేటప్పుడూ అంతే. అది ఆయనకు ఎవరో నేర్పిన మర్యాద కాదు, తుమ్ము వస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నంత సహజంగా వచ్చేది.

దాని మూలం ఒకసారి ఆయన మాటల్లోనే తెలిసింది. వాళ్ల నాయన కొండ మీద పోటులో, అంటే గుడి వంటశాలలో, వంట చేసినవారట. నైవేద్యానికి వండేవాళ్లు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. స్వామికి పెట్టకముందు వాసన కూడా మనం చూడకూడదని. ఇంట్లో అమ్మ చేసిన పులిహోరలో ఉప్పు తక్కువైందో లేదో ఆ వాసన పట్టుకుని చెప్పగలిగిన మనిషి, కొండ మీద జీవితమంతా అండాలకొద్దీ వండి, ఒక్కనాడూ దాని వాసన ఎట్లా ఉంటుందో తెలియకుండానే పోయారట. "రూట్ అన్నా అంతేనమ్మా. అన్నీ మన చేతి మీదుగానే పోతాయి. గుడ్డ మాత్రం కట్టుకోవాల," అన్నారు.

అంత చాదస్తం మనిషి తన సైకిలుకు తాళం వేసేవారు కాదు. సెంటరు ముందు చింతచెట్టుకు ఆనించి వదిలేసేవారు. అందరి తలుపులకూ గడియలు బిగించే మనిషికి తన సైకిలు మీద శ్రద్ధ లేదేమిటని మునిరత్నం గారు ఆటపట్టిస్తే, పోతే పోనీ స్వామీ, అది నాది కదా అనేవారు. అది నిజంగానే ఒకసారి పోయింది కూడా. రేణిగుంట రోడ్డులో ఎవరో చూశామంటే వెతకడానికి కూడా పోలేదు. కొన్నాళ్లు నడిచి వచ్చి, తర్వాత ఇంకోటి కొనుక్కుని, దానికీ తాళం వేయలేదు.

ఆయనతో అందరికీ పేచీ వచ్చింది పాస్‌వర్డ్‌ల దగ్గర. యంత్రం ఒప్పుకోవాలంటే పాస్‌వర్డ్‌లో అక్షరాలతోపాటు ఒక అంకె అయినా ఉండాలి. తిరుపతిలో మనుషులు ఏం పెడతారు? గోవింద అని కొట్టి చివర ఏడు. వెంకట్ అని కొట్టి చివర ఏడు. పద్మ పెట్టి ఏడు. ఏడుకొండల ఏడు. పొద్దున్నే యంత్రం ముందు కూర్చుని మొదట కొట్టే మాట స్వామి పేరైతే రోజంతా మంచి జరుగుతుందని అందరికీ నమ్మకం. ఎవరికి వారు తమకొక్కరికే ఆ ఆలోచన వచ్చిందనుకున్నారు.

ఒకరోజు పొద్దున సారు హాల్లో నిలబడి, మీ తలుపులు తట్టి చూస్తాను, మీ ఎదురుగానే, ఒప్పుకుంటారా అని అడిగారు. అందరూ ధీమాగా ఒప్పుకున్నారు. మొదట మునిరత్నం గారి పేరు. సారు ఒక మాట కొట్టారు. తెరుచుకుంది. మునిరత్నం గారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మంత్రమేమన్నా ఉండాదా సార్ నీ కాడ?"

"గోవిందుడు ఉండాడు స్వామీ. మీ కాడ ఉన్నాయనే."

వరసగా తట్టుకుంటూ పోయారు. చాలా తలుపులు తెరుచుకున్నాయి. హాలంతా గోలగోల అయింది. మునిరత్నం గారు మాత్రం తగ్గలేదు. "స్వామి పేరు కాకుంటే ఎవురి పేరు పెట్టమంటావు, మా పక్కింటోడి పేరా? వాడికీ నాకూ మాటల్లేవు," అన్నారు. ఊరందరికీ తెలిసిన పేరు తాళంగా పనికిరాదని, దండం మనసులో పెట్టుకోమని సారు నచ్చచెప్పారు. అందరూ సణుక్కుంటూ మార్చుకున్నారు. డైరెక్టరు గారు మాత్రం మార్చలేదు. ఆయన పాస్‌వర్డ్ కూడా గోవిందుడి పేరూ, చివర ఏడేనని అప్పటికే హాలంతా అనుకుంటూ ఉంది. అది తన జపమనీ, ఈ వయసులో జపం మార్చుకోనని ఆయన అన్నారు. సారు ఆ తర్వాత కూడా రెండుసార్లు వెళ్లి చెప్పి చూశారు. ఆయన నవ్వి పంపేశారు.

నా తలుపు తెరుచుకోలేదు. నేను చదివిన ఒక నవలలో మొదటి వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు తీసుకుని, ఒక అంకె చేర్చి పెట్టుకున్నాను. ఏ నవలో ఇప్పటికీ చెప్పను. సారు తనకు తెలిసిన దేవుళ్లందరినీ ప్రయత్నించి, 'ఊ' అని పక్క టెర్మినల్‌కు పోయారు. అది మంచి ఊ. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ నేను దాన్ని చాలాసార్లు తలుచుకున్నాను.

ఆ ఊ ఇచ్చిన ధైర్యంతోనే కొన్నాళ్లకు ఆయనను ఒక ప్రశ్న అడిగాను. నా అంతట నేను ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అదే. నా ఇంట్లోకి ఎవరూ రాకుండా చేసుకోవచ్చా సార్ అని. ఎందుకని ఆయన అడగలేదు. అడిగి ఉంటే నేను ఊరికే అడిగానులెండి అని లేచిపోయేదాన్ని. ఒక తెల్లకాగితం తీసి మూడు గళ్లు గీశారు. ఒకటి మనకు, ఒకటి మన గుంపుకు, ఒకటి మిగతా లోకానికి. ప్రతి గడిలోనూ మూడు హక్కులు, చదవడం, రాయడం, లోపలికి పోవడం. మామూలుగా యంత్రం మిగతా ఇద్దరికీ కొంత వదిలిపెడుతుంది. ఆ రెండు గళ్లూ ఖాళీ చేసే ఆజ్ఞ ఏదో చెప్పి, తాను చెయ్యి పెట్టకుండా నాచేతే కొట్టించారు. ఇకముందు కొత్తగా పుట్టే ఫైళ్లు కూడా మూసుకునే పుట్టేటట్టు ఇంకో ఆజ్ఞ కొట్టించారు.

"ఇప్పుడు నీకు తప్ప ఎవురికీ లేదు," అన్నారు. లేచి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చారు. "రూట్‌కు ఉండాది. రూట్‌ను ఆపే తాళం ఈ మిషన్లో లేదు. అది నా చేతిలో ఉండాది కాబట్టి నువ్వు నన్ను నమ్మాల్సిందే. ఆ మాట చెప్పకుండా పోతే అబద్ధం చెప్పినట్టయితాది."

ఆ మధ్యాహ్నం నుంచే నేను రాయడం మొదలుపెట్టాను. ఏమి రాశానో పెద్దగా చెప్పుకోదగ్గది కాదు. అవ్వ గొణుగుడు, చదివిన పుస్తకాల మీద నా అభిప్రాయాలు, హాల్లో మనుషుల నడకలు, డైరెక్టరు గారు ఫోన్లో మాట్లాడేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకోవడం. నాకు ఇష్టమైన ఒకరి గురించి కూడా రాశాను. ఆయనకు పెళ్లయిపోయింది, ఇక్కడ ఆ మాట అనవసరం. ఇంట్లో బీరువా కాదు, గూడు కాదు, నాకంటూ మూసుకునే తలుపు ఒకటి లోకంలో ఉందంటే అది అక్కడే ఉంది.

తర్వాతి వేసవిలో మార్కుల సంగతి జరిగింది.

మేం తయారుచేస్తున్న ఒక పరీక్ష ఫలితాలు ఇంకా బయటికి రాలేదు. ఒక పొద్దున బంగారుపాళ్యం నుంచి జీపులో పెద్ద మామిడిపండ్ల బుట్ట వచ్చింది. అక్కడ గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన, తన కొడుకు పాసైనందుకు సంతోషంగా పంపించాడు. ఏయే సబ్జెక్టులో ఎన్నెన్ని వచ్చాయో డ్రైవరే గడగడా చెప్పాడు. పాపం, అతనికి అందులో తప్పేముందో తెలియదు. డైరెక్టరు గారి ముఖం పాలిపోయింది. ఫలితాలు ముందే బయటికి పొక్కాయంటే కాలేజీలు మా దగ్గరికి పని పంపవు, సెంటరు మూతపడుతుంది.

అందరినీ హాల్లోకి పిలిచారు. బుట్ట బల్ల మీదే ఉంది, గదంతా పండ్ల వాసన. ఎవరి ఇళ్లు మూసి ఉన్నాయో చూడమన్నారు. మిగతావాళ్లెవరూ తమ ఇళ్లు మూసుకునే కష్టం పడలేదు. మూసి ఉన్నది నాదొక్కటే.

"ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. ఈ అమ్మాయికి దాచుకోవలసినవి ఏమున్నాయి?" అన్నారు డైరెక్టరు గారు. నన్ను చూసి కాదు, సారును చూసి.

నేను జీతాల గుంపులో ఉన్నానని, మార్కుల ఫైళ్లు నాకు తెరుచుకోవని సారు చెప్పారు. డైరెక్టరు గారు వినిపించుకోలేదు. ఎవరైనా తీసి ఇచ్చి ఉండవచ్చు కదా అన్నారు. చూస్తే తేలిపోతుంది, మీ చేతిలో రూట్ ఉంది, తెరవండి అన్నారు.

అన్నం ముందు కూర్చుని నా గొంతుతో చదువుతున్న మా అన్న కనిపించాడు. ఇక్కడైతే ఆ గదిలో ఉన్న ప్రతి మనిషీ నా రాతల్లో ఉన్నారు. తెరిస్తే నేను మళ్లీ ఆ ఆఫీసులో, ఆ మాటకొస్తే ఆ ఊళ్లో తలెత్తుకోలేను. తెరవకపోతే దొంగను. ఉద్యోగం పోతుంది, ఎందుకు పోయిందో అంగడి దాకా చేరుతుంది.

సారు వాచీ చేతికే ఉంది. స్వెట్టరు చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశారు.

"తెరవగలను సార్. తెరవను."

"నేను చెబుతున్నాను కదా."

"మీరు యజమాని. మిషను మీది. ఆ ఇల్లు మాత్రం ఆ అమ్మకు ఇచ్చినాము. తను సరేనంటే తెరుస్తా."

తర్వాత నావైపు తిరిగారు. అందరి ముందు నన్ను మాట్లాడమంటే నాకు మాట రాదని ఆయనకు తెలుసు. "అమ్మా, ఇష్టమైతే ఊ అను. ఇష్టం లేకుంటే నోరు తెరిచే పని కూడా లేదు. తల అడ్డంగా ఊపితే చాలు. ఎందుకని ఎవురూ అడగరు," అన్నారు.

నేను నా జీవితంలో అప్పటివరకు ఎవరికీ వద్దు అని చెప్పలేదు. చీర రంగు దగ్గర కూడా చెప్పలేదు. ఎట్లాగో తల అడ్డంగా ఊపాను. ఊపానో లేదో నాకే అనుమానం వచ్చి ఇంకోసారి ఊపాను.

"అయిపోయింది," అన్నారు సారు.

మునిరత్నం గారు ఒక అడుగు ముందుకు వచ్చారు. "ఎవురెవురు ఎప్పుడు లోపలికి వచ్చి పోయినారో మిషను రాసిపెట్టుకుంటాది గదా సార్. ఆ పాప ఇల్లెందుకు, వాకిట్లో అడుగులు సూడండి."

సారు అప్పుడు వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. చాలాసేపు తెరను చూశారు. తర్వాత వాచీ కట్టుకుని, డైరెక్టరు గారిని యంత్రం గదిలోకి రమ్మని పిలిచి గాజు తలుపు వేశారు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. డైరెక్టరు గారు కుర్చీలో కూర్చోవడం మాత్రం కనిపించింది. సారు భుజం మీదుగా అంతకుముందే తొంగిచూసిన మునిరత్నం గారు నా చెవిలో చెప్పారు. మార్కుల ఫైలు తెరిచిన పేరు డైరెక్టరు గారిదే. తెరిచిన రోజున ఆయన మద్రాసులో ఉన్నారు. హాల్లోని ఏదో టెర్మినల్ నుంచి ఎవరో గోవిందుడి పేరు కొట్టి, చివర ఏడు వేసి, ఆయన ఇంట్లోకి పోయారు. ఎవరన్నది ఎప్పటికీ తేలలేదు. ఆ మాట తెలియని మనిషి హాల్లో లేడు. ఆ లెక్కన నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను.

డైరెక్టరు గారు చెడ్డమనిషి కాదు. నన్ను ఆ తర్వాత ఒక్క మాటా అనలేదు. కానీ అందరి ముందు 'తెరవను' అన్న మనిషిని రోజూ ఎదురుగా చూడటం ఆయనకు సాధ్యం కాలేదు. ఫలితాల గొడవ సద్దుమణిగాక, యంత్రం చార్జి తీసుకోవడానికి మద్రాసు నుంచి కొత్త ఇంజనీరు వస్తున్నాడనీ, సారును రేణిగుంటలో గోడౌన్ల లెక్కలు చూసే విభాగానికి పంపుతున్నారనీ కాగితం వచ్చింది. సారు దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఊ అన్నారు. ఆ ఊ మాకెవరికీ తెలియని రకం.

ఆయన చివరి రోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చారు.

"రేపటినుంచి రూట్ నా దగ్గర ఉండదు. వచ్చే ఆయన మంచోడే అయ్యుండొచ్చు. నాకు తెలీదు కాబట్టి మాట ఇవ్వలేను. నీ ఇంట్లో నీ వస్తువులు ఏమన్నా ఉంటే ఈరోజే తీసుకో," అన్నారు. ప్రింటర్లో కాగితం ఎక్కించి ఉందన్నారు. హాల్లో ఉన్నవాళ్లందరికీ తన ఖర్చుతో కాఫీలు ఇప్పిస్తానని, ఎదుటి హోటలుకు పిలుచుకుపోయారు. ఆయన ఎవరికైనా కాఫీ ఇప్పించడం మేం ఎన్నడూ చూడలేదు. మునిరత్నం గారు అదొక వింతలాగా అందరినీ తోలుకుంటూ నడిచారు. నన్ను రమ్మని సారు పిలవలేదు.

ప్రింటరు రంపంతో కోస్తున్నట్టు చప్పుడు చేస్తూ నా రాతలన్నీ కక్కింది. రంధ్రాల అంచుల పొడుగాటి కాగితం, ముడతలు ముడతలుగా నేల మీదికి దిగింది. చదవకుండా మడిచి క్యారియర్ సంచిలో అడుగున కుక్కాను. తర్వాత యంత్రంలో ఉన్న ఒక్కొక్క ఫైలునూ తుడిచేశాను. ఆ యంత్రంలో తుడిస్తే మళ్లీ తిరిగి రావు. నిజంగానా అని అది అడగదు కూడా.

సారు అందరికంటే ముందు ఒక్కరే తిరిగి వచ్చారు. తుడిచేశావా అని అడిగారు. తలూపాను. వారం వారం అందరి ఫైళ్లూ టేపుల మీదికి ఎక్కించి దాచే పద్ధతి ఉంది. ఆ టేపుల్లో నావి మిగిలిపోతాయని నాకు తట్టనే లేదు. ఆయనకు తట్టింది. అలమారలోని టేపులన్నీ తీసి, ఒక్కొక్కటి ఎక్కించి, ఇప్పుడున్నదాన్ని వాటి మీద మళ్లీ రాయించారు. తన చివరి సాయంత్రమంతా దానికే సరిపోయింది. నేను ఇంటికి పోకుండా కూర్చున్నాను. చివరి టేపు తీసి, డబ్బాలో పెట్టి, అలమార తాళం బల్ల మీద కొత్త మనిషి కోసం ఉంచారు.

చాలా మాటలు చెప్పాలనుకున్నాను. చివరికి, మీకు అన్నీ తెలుసా సార్ అని మాత్రం అడిగాను. గేటు దాకా వచ్చాక అడిగాను.

సైకిలు స్టాండు తీసి, ఆయన నావైపు తిరిగారు.

"డిస్కులో ఎవురి ఇల్లు ఎంత జాగా తింటా ఉండాదో వారానికోసారి చూడాల, అది నా పని. నీ ఇంట్లో ఏముండాదో నాకు తెలీదమ్మా. ప్రతి వారం రవ్వంత పెరుగుతా వచ్చింది, అంతవరకే తెలుసు. అదేందో గానీ, ఆపొద్దు."